రోళ్లపాడు బీడుకు సొంత కావలి ఉండాలి

నందికొట్కూరు దాటి మిడుతూరు వైపు వెళ్లే కొత్తవారికి అభయారణ్యం ఎక్కడ మొదలైందో తెలియదు. అరణ్యమన్న మాట విని వచ్చినవారు చెట్ల కోసం చూస్తారు. చూడవలసింది చెట్ల కోసం కాదు. కనుచూపు మేర గడ్డి, అక్కడక్కడ రేగు పొదలు, ఒకటీ అరా తుమ్మచెట్లు, ఆ గడ్డిని ఆనుకునే దున్నిన చేలు. జీవాలు మేపుకునే కాపరి ఎవరైనా ఎదురై చెయ్యి చూపితే తప్ప ఇదే ఆ చోటని పోల్చుకోవడం కష్టం.

ఇది రోళ్లపాడు. 1988లో ప్రభుత్వం దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. ఎకరాల లెక్కలో పదిహేను వందల పైచిలుకు. చాలా రెవెన్యూ గ్రామాల పొలం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. దీనికి తూర్పున నల్లమల. అక్కడ నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడి పరచుకుని ఉంది. ఏనుగు పక్కన ఎలుకంత అన్నమాట రోళ్లపాడు.

పరిరక్షణ పనులు చిన్న చిన్న చోట్ల చిన్న చిన్న యంత్రాంగాల చేతిలో ఉండడం దండగ, వాటిని పెద్ద ప్రాంతాలుగా కలిపివేయడమే మేలు అన్న వాదం చాలా కాలంగా వినబడుతోంది. అడవుల విషయంలోనూ, నీటి విషయంలోనూ, నేల కోత విషయంలోనూ ఇదే మాట. సిబ్బంది కలిసివస్తారు, జీపులు కలిసివస్తాయి, లెక్కలు ఒకేచోట తేలతాయి అంటారు. కాగితం మీద ఇది సబబుగానే కనిపిస్తుంది. రోళ్లపాడు చరిత్ర తెలిసినవారికి మాత్రం అంత సులువుగా తలూపాలనిపించదు.

ఒక్క గుడ్డు పక్షి

రోళ్లపాడుకు పేరు తెచ్చింది బట్టమేక పక్షి. నిలబడితే మీటరు ఎత్తు. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచం మొత్తం మీద ఏ కొద్దో ఉన్నాయి. ఇంత ఒళ్లు పెట్టుకుని ఇది చెట్టెక్కదు, గూడూ కట్టదు. గడ్డి మధ్య వట్టి నేలమీద సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెట్టి, నాలుగు వారాల పాటు పొదుగుతుంది. మేతకు తోలుకొచ్చిన ఒక ఎనుము కాలు దానిమీద పడినా, ఊరి కుక్క ఒకటి వాసన పట్టినా ఆ కాన్పు పోయినట్టే.

తొలకరి పడ్డాక మగపక్షి కాస్త ఎత్తయిన దిన్నె చూసుకుని నిలబడుతుంది. మెడ కింది సంచిని గాలితో ఉబ్బించి, తోకను వెనక్కు విరిచి, మూలిగినట్టుగా హుమ్మని కూస్తుంది. ఆ కూత అర కిలోమీటరు దూరం వినబడుతుంది. నెమలి ఆట చూసి మురిసేవారు దీన్ని చూస్తే నవ్వుకుంటారేమో గాని, ఆడపక్షికి అదే అందం.

ఇది తినేది మిడతలు, పేడ పురుగులు, తొండలు, రేగుపళ్లు, చేలో రాలిన గింజలు, వేరుశనగ కాయలు. అంటే దీని బతుకు సగం గడ్డిలో, సగం రైతు చేలో. రోళ్లపాడు విషయంలో ఆలోచించవలసిన వారెవరైనా ముందుగా పట్టుకోవలసిన సంగతి ఇదే. ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి దానికి కాన్పు గది. చుట్టుపక్కల ఊళ్ల చేలు దానికి వంటిల్లు. గదికి కంచె వేసి వంటింటిని మరచిపోతే ఆ పక్షి నిలవదు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పక్షి మీద పెద్ద ఎత్తున పరిశోధన చేపట్టింది. డాక్టర్ అసద్ రహ్మానీ నాయకత్వంలో మధ్యప్రదేశ్‌లోని కరేరా, మహారాష్ట్రలోని నాన్నజ్, మన రోళ్లపాడు వంటి చోట్ల మకాములు పెట్టారు. రోళ్లపాడులో రంజిత్ మానకడన్ పక్షుల రాకపోకలు, మేత, కాన్పులు రాసుకుంటూ ఏళ్ల తరబడి పనిచేశారు. జీపు దిగి, చూసి, చీకటి పడకముందే వెళ్లిపోయే పని కాదది. కొంత గడ్డిని పశువులు దిగకుండా కాపాడారు. ఆ దశకం చివరికి ఇక్కడ బట్టమేకల లెక్క పదుల్లోకి చేరింది. చిన్న తురాయి ఈకలతో గడ్డిలోంచి బంతిలా పైకెగిరే నేలనెమలి కూడా వానాకాలంలో ఇక్కడికి వచ్చేది. తోడేళ్లు, నక్కలు, జింకలు సరేసరి. ఈ చిన్న బీడు పేరు దేశదేశాల పక్షి శాస్త్రవేత్తల నోళ్లలో పడింది.

ఆ రోజుల్లో జరిగిన మేలుకు కారణం పెద్ద బడ్జెట్టూ కాదు, పెద్ద కార్యాలయమూ కాదు. గడ్డిని రోజూ చూసే కళ్లు అక్కడే ఉండడం.

కాలువ వచ్చింది, పైరు మారింది

తర్వాతి కథ అంత సంతోషంగా లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నిండాక పోతిరెడ్డిపాడు దగ్గర తూము లేచింది. కుడిగట్టు కాలువ, తెలుగుగంగ కాలువ సాగాయి. నూరేళ్ల పైబడిన కె.సి. కాలువకు తోడుగా అలగనూరు వద్ద బ్యాలెన్సింగ్ జలాశయం కట్టారు. పక్షులు తిరిగే నేలల మీదుగానే ఈ పనులన్నీ నడిచాయి. నీరొచ్చిన చోట కొర్ర, జొన్న, వేరుశనగ వెనక్కి తగ్గి పత్తి, పొద్దుతిరుగుడు ముందుకొచ్చాయి. కాలువ అందని చోట బోర్లు పడ్డాయి. పురుగు మందులు కొట్టిన చేలో మిడతలు ఉండవు. మిడతలు లేని చేలో బట్టమేకకు పని లేదు.

ఇందులో రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు. వాన మీద ఆధారపడి బతికిన తాలూకాకు కాలువ నీరు రావడం పండగే. నందికొట్కూరు ప్రాంతంలో కరువు చూసిన పెద్దల ముందు నిలబడి, పక్షి కోసం కొర్రలే వేసుకోండని చెప్పగలవారెవరు?

ఇంకొక చిక్కు కూడా వచ్చి పడింది. బట్టమేక కోసం కాపాడిన గడ్డిలో బట్టమేకకు బదులు జింకలు పెరిగాయి. మందలు మందలుగా చేలల్లో పడి మొలకలు మేశాయి. జింకను కొట్టడం నేరం. మేసిన పైరుకు పరిహారం రావాలంటే తిరగవలసిన మెట్లు ఎన్నో. దాంతో చుట్టుపక్కల రైతుకు అభయారణ్యమంటే జింకల బెడద అన్న అర్థం స్థిరపడింది. రాత్రిళ్లు చేలో కాపలా పడుకునే మనిషికి బట్టమేక మీద ప్రేమ ఉండాలని కోరడం అత్యాశ. ఆ మనిషి సాయం లేకుండా బట్టమేక మిగులుతుందనుకోవడం ఇంకా పెద్ద అత్యాశ.

2000 తర్వాత లెక్క పదుల నుంచి ఒంటి అంకెకు దిగజారింది. ఇటీవలి కాలంలో ఒక పక్షి కనబడితే అదే వార్త. దేశం మొత్తం మీద మిగిలినవి 150 వరకు అని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్ ఎడారిలో ఉన్నాయి. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ పక్షిని అంతరించే ప్రమాదం అంచున ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

పులికి వైద్యం వేరు, పక్షికి వైద్యం వేరు

కలిపివేత వాదాన్ని ఇక్కడ పెట్టి చూడాలి. ఆత్మకూరు నుంచి శ్రీశైలం దాకా ఉన్న వన్యప్రాణి యంత్రాంగం చూపు సహజంగా పులి మీదే ఉంటుంది. 1978లో అభయారణ్యమై, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చిన అడవి అది. పులి కాపలాకు పద్ధతులున్నాయి. రోడ్ల మీద తనిఖీ గేట్లు, అడవి లోపల మకాములు, చెట్లకు కట్టిన కెమెరాలు, నాలుగేళ్లకోసారి దేశవ్యాప్త గణన. పులి మనిషికి దూరంగా ఉండాలి, మనిషి పులికి దూరంగా ఉండాలి. అదీ అక్కడి సూత్రం.

బట్టమేకకు ఆ సూత్రం పనికిరాదు. అది మనిషి చేలో మేస్తుంది, మనిషి కల్లం పక్కన తిరుగుతుంది. దానికి వచ్చే ఆపదలు కూడా పెద్దవి కావు. సాయంత్రం గడ్డిలోకి దిగిన నాలుగు ఎనుములు, ఊరి చివర చచ్చిన గొడ్డును పారేసే చోట పెరిగిన కుక్కల గుంపు, ఎండాకాలం ఎవరో పారేసిన బీడీ ముక్క, కొత్తగా లాగిన కరెంటు తీగ. ఒక్కొక్కటీ చిన్నదే. ఆ పూటే చూసి ఆ పూటే సర్దవలసినది. వందల చదరపు కిలోమీటర్ల అడవిని నెలవారీ నివేదికల మీద నడిపే కార్యాలయానికి ఇవి ఆనవు. ఆనకపోవడం ఆ అధికారుల తప్పు కాదు. అంత పెద్ద పటంలో పదిహేను వందల ఎకరాలు వేలి గోరు కింద దాగిపోతాయి.

కరెంటు తీగ సంగతే తీసుకుందాం. బట్టమేకకు కళ్లు పక్కలకు ఉంటాయి, ముందున్న తీగ ఆలస్యంగా కనబడుతుంది, బరువైన ఒళ్లు కనుక చటుక్కున తిరగలేదు. తీగకు కొట్టుకుని చావడం దీనికి పెద్ద గండమని గుర్తించి, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలోని బట్టమేక తావుల్లో తీగలు భూమిలోపల వేయాలని ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. అంత దూరం వెళ్లిన సంగతి కూడా మొదట ఒక చేలో, ఒక స్తంభం దగ్గర మొదలైనదే. స్తంభం పాతే రోజున అడిగే మనిషి ఉంటే, ఆ తీగను నాలుగు గట్ల అవతలికి జరపడం పెద్ద పని కాదు.

ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని ప్రమాదమని ఎవరూ అనుకోరు. అదే మొక్కలు నాటడం. అడవులు చూసే శాఖ దృష్టిలో చెట్టు లేని నేల అంటే ఖాళీ నేల. రెవెన్యూ రికార్డులో బీడు అంటే దేనికీ పనికిరాని నేల. మహారాష్ట్రలోని నాన్నజ్‌లో బట్టమేకలుండే గడ్డి నేలల్లోనే సదుద్దేశంతో మొక్కలు నాటారు. చెట్లు పెరిగిన చోట్లను ఆ పక్షి వదిలిపెట్టింది. నలువైపులా కనబడే విశాలమే దానికి రక్షణ. లక్షల మొక్కలు నాటాలని పై నుంచి లక్ష్యాలు వచ్చిన ఏడాది, ఆ చోట నాటవద్దని చెప్పగల అధికారం స్థానికంగా ఎవరికో ఒకరికి ఉండి తీరాలి. విస్తీర్ణం పెరిగిన కొద్దీ లక్ష్యాలు పెరుగుతాయి, అడ్డు చెప్పే గొంతు తగ్గుతుంది.

గీత పెద్దదైతే మేలు పెద్దదవుతుందా

పక్షి చేలల్లోనూ తిరుగుతుంది కదా, అలాంటప్పుడు ఆరు చదరపు కిలోమీటర్ల గీత చాలదు, గీతను పెద్దది చేయాలి అనేవారున్నారు. ఆ పని వేరేచోట చేసి చూశారు.

నాన్నజ్ అభయారణ్యాన్ని 1979లో ప్రకటించినప్పుడు దాని విస్తీర్ణం 8,496 చదరపు కిలోమీటర్లు. ఊళ్లు, పట్టణాలు, రోడ్లు అన్నీ అందులోనే పడ్డాయి. ఏ చిన్న కట్టడానికైనా అభయారణ్యం అడ్డమైంది. చివరికి దాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించుకోవలసి వచ్చింది. కరేరా మరీ విషాదం. 1981లో 202 చదరపు కిలోమీటర్లను ప్రకటించారు. అందులో రైతుల పట్టా భూములున్నాయి. భూమి అమ్ముకునే వీలు లేకపోయేసరికి పక్షి మీద జనానికి కసి పుట్టింది. మొదట్లో పక్షిని కాపాడిన ఊళ్లే తర్వాత దాన్ని శనిగా చూశాయి. 1990లలో కరేరాలో బట్టమేక కనుమరుగైంది.

రోళ్లపాడు వాటితో పోలిస్తే అదృష్టం కలది. గీత చిన్నది కనుక ఊళ్లు అందులో చిక్కుకోలేదు. ఇక్కడ కావలసింది గీతను సాగదీయడం కాదు. గీతకు ఆవల ఉన్న రైతుతో మాట నిలిచే సంబంధం. ఆ సంబంధం పెట్టుకోగలిగేది ఊళ్లో ముఖం తెలిసిన మనిషే. మూడేళ్లకోసారి బదిలీ మీద వచ్చి, పులుల గణన మధ్యలో ఒక పూట తీరిక చేసుకునే అధికారికి అది సాధ్యం కాదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోందన్నది గమనార్హం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం అభయారణ్యానికి సలహా సంఘం ఉండాలి. అది ఉన్న నియోజకవర్గపు శాసనసభ్యుడు, పంచాయతీరాజ్ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణుల సంగతి తెలిసిన ముగ్గురు అందులో కూర్చోవాలి. రోళ్లపాడుకైతే నందికొట్కూరు శాసనసభ్యుడు కూర్చునే సంఘమది. చట్టం ఆరు చదరపు కిలోమీటర్లకు వేరుగా, వెయ్యి చదరపు కిలోమీటర్లకు వేరుగా చెప్పలేదు. చిన్నదానికీ దాని సంఘం దానిదే. పెద్ద ప్రాంతంలో కలిపి మొత్తానికి కలిపి ఒక సమావేశం జరిపితే రోళ్లపాడు ఊసు పులుల లెక్కలన్నీ అయ్యాక, టీ వచ్చే వేళకు వస్తుంది.

వాటర్‌షెడ్లు నేర్పిన పాఠం

కలిపివేత ఎలా ఉంటుందో నందికొట్కూరు చుట్టుపక్కల మెట్ట రైతులకు వేరే దారిలో తెలుసు. కరువు ప్రాంతాల అభివృద్ధి పథకం కింద కర్నూలు జిల్లా దశాబ్దాల పాటు ఉంది. హనుమంతరావు సంఘం సిఫారసుల మీద 1995లో వచ్చిన నిబంధనల ప్రకారం దాదాపు 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్. ఊరికొక సంఘం, ఒక కమిటీ, బ్యాంకులో ఖాతా. ఏ వంక మీద రాతి కట్ట వేయాలి, ఎవరి గట్టు తెగింది, ఎక్కడ చెక్‌డ్యాం నిలుస్తుంది అన్నది ఊళ్లోనే తేలేది. కమిటీలన్నీ సత్యసంధులతో నిండాయని ఎవరూ అనరు. పేరుకు సంఘం పెట్టి కంట్రాక్టరు చేత పని చేయించుకున్న చోట్లూ ఉన్నాయి. కాని తప్పు జరిగితే రచ్చబండ దగ్గర నిలదీయడానికి మనిషి దొరికేవాడు.

2009లో కరువు ప్రాంతాల పథకం, ఎడారి పథకం, బంజరు భూముల పథకం మూడింటినీ ఒకే సమగ్ర వాటర్‌షెడ్ కార్యక్రమంగా కలిపారు. 500 హెక్టార్ల కొలత పోయి 1,000 నుంచి 5,000 హెక్టార్ల గుంపులు వచ్చాయి. 2015లో అదీ ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలో ఒక భాగమైంది. ప్రతి మార్పుకూ శాస్త్రీయ కారణం చూపారు. వాగు నీరు ఊరి పొలిమేర దగ్గర ఆగదు, పైన గుట్ట మీద పని చేయకుండా కింద చెరువు కట్టి లాభం లేదు అన్నారు. నిజమే. ఆ మాటను కాదనడానికి వీల్లేదు. ఇంజనీరు, నేలల శాస్త్రం తెలిసిన మనిషి ప్రతి ఊరికీ దొరకరన్నదీ నిజమే.

కాని గుంపు పెరిగిన కొద్దీ మొదటి వానకు తెగిన కట్ట సంగతి పైకి చేరడానికి పట్టే కాలం కూడా పెరుగుతుంది. ఎర్రగరప నేలలో నీరు పక్కనుంచి దారి చేసుకుంటే నాలుగు వానల్లో కట్ట ఉంటుంది గాని కట్ట వెనక నీరుండదు. తెగిన రాత్రే నాలుగు తట్టల మట్టి వేస్తే నిలిచేది, అంచనాలు తయారై మంజూరయ్యే నాటికి వంక అవుతుంది. పైస్థాయిలో నిపుణులు ఉండాలి, పటాలు ఉండాలి, నిధులు ఉండాలి. కింద సంతకమూ, ఖాతా, అడిగే హక్కూ ఊళ్లోనే మిగలాలి. మొదటిది సమకూర్చడానికి రెండోది ఎందుకు తీసివేయాలన్న ప్రశ్నకు మాత్రం ఇంతవరకు సూటి జవాబు లేదు.

ఒంటారియోలోనూ ఇదే గొడవ

ఇది మన దగ్గరి గొడవే కాదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం ఉంది. టొరంటో చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలు స్థిరపడిన చోటు. అక్కడ 1946 చట్టం కింద ఏర్పడిన పరిరక్షణ సంస్థలు 36 ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో నది పరివాహక ప్రాంతాన్ని చూసుకునేది. చుట్టుపక్కల పురపాలక సంఘాల ప్రతినిధులే వాటిని నడిపేవారు. 1954లో హేజెల్ తుపాను వచ్చి ఒంటారియోలో 81 మంది చనిపోయాక, వరద పారే పల్లపు భూములను కొని ఇళ్లు కట్టనీయకుండా కాపాడింది ఈ సంస్థలే. టొరంటో నది ఒడ్డున నేడు ఉద్యానవనాలుగా కనబడే చాలా భూములు అలా మిగిలినవే.

2025 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ఈ 36 సంస్థలను ఏడు పెద్ద ప్రాంతీయ సంస్థలుగా కలపాలని ప్రతిపాదించింది. ఇళ్ల అనుమతులు త్వరగా వస్తాయి, అందరికీ ఒకే రకం నిబంధనలుంటాయి అన్నది కారణం. పురపాలక సంఘాలు, పరిరక్షణ సంస్థలు, ఊళ్లవారు అభ్యంతరాలు లేవదీశారు. తమ వాగు ఏ రాత్రి పొంగుతుందో తెలిసిన మనిషి వందల మైళ్ల అవతలి కార్యాలయంలో ఉండడన్నది వారి వాదన. మిడుతూరు రైతు ఆ మాట వింటే భాష అర్థం కాకపోయినా బాధ అర్థమవుతుంది.

దూరం సంగతి ఇక్కడివారికి తెలుసు

1985లో తాలూకాలను రద్దు చేసి మండలాలు పెట్టినప్పుడు నందికొట్కూరు తాలూకా కూడా ముక్కలైంది. మిడుతూరు, పగిడ్యాల, జూపాడుబంగ్లా వంటి చోట్లకు కార్యాలయాలు వచ్చాయి. ఒక సర్టిఫికెట్టు కోసం తాలూకా కచేరీకి పోయి పొద్దంతా పడిగాపులు కాసిన తరానికి అది ఎంత మార్పో చెప్పనక్కరలేదు. చిన్న ముక్కలు ఖర్చు ఎక్కువని అప్పుడూ అన్నారు. ఇవాళ మండలాన్ని తీసివేసి మళ్లీ తాలూకా పెడతామంటే ఒప్పుకునే ఊరు ఒక్కటి ఉండదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. నందికొట్కూరు నంద్యాల జిల్లాలో చేరింది. కర్నూలు ముప్పై కిలోమీటర్ల దూరమే. నంద్యాల దానికి రెట్టింపు పైనే. జిల్లా చిన్నదయింది గాని ఈ మూలవారికి దారి పెరిగింది. పటం మీద గీత మారితే బస్సు చార్జీ మారుతుందని ఇక్కడ ఎవరికీ వేరుగా చెప్పాల్సిన పని లేదు. జింకలు మేసిన పైరుకు పరిహారం అడగడానికి ఒక రోజు కూలీ, రాను పోను చార్జీ ఖర్చయితే చాలామంది అడగడమే మానుకుంటారు. అడగని ఫిర్యాదులు లెక్కలోకి రావు. లెక్కలో లేని బాధ లేనట్టే అనుకుని పైవారు నిశ్చింతగా ఉంటారు.

నీరు, భూమి, చెట్ల చట్టాన్ని 2002లో చేసినప్పుడు కూడా రాష్ట్ర, జిల్లా స్థాయిలతో ఆగకుండా మండల స్థాయిలో ప్రాధికార సంస్థ ఉండాలని రాశారు. అదే ఏడాది వచ్చిన జీవవైవిధ్య చట్టం స్థానిక సంస్థకొక యాజమాన్య కమిటీ ఉండాలంది. ఊళ్లో ఏ గడ్డి ఉంది, ఏ పిట్ట ఉంది, ఏ విత్తనం ఉందో రాసిపెట్టే దస్త్రం ఆ కమిటీ చేతిలో తయారవ్వాలి. అంటే దగ్గరి కావలి అవసరమన్నది కొత్త కోరిక కాదు. చట్టాలు చేసినవారికే ఆ ఆలోచన ఉంది. అమలుకు వచ్చేసరికి పైకి లాక్కోవడం జరుగుతోంది.

రోళ్లపాడుకు కావలసింది ఏమంత పెద్ద జాబితా కాదు. గడ్డి నేలల సంగతి తెలిసిన ఒక అధికారి ఇక్కడే మకాం ఉండాలి. పులుల పనికి పిలిచినప్పుడల్లా నల్లమలకు పరిగెత్తవలసిన అవసరం ఆయనకు ఉండకూడదు. కాపలాదారులు చుట్టుపక్కల ఊళ్లవారై ఉండాలి, వారి జీతం నెలనెలా అందాలి. జింకలు మేసిన పైరును మండల స్థాయిలోనే చూసి, అక్కడే లెక్క కట్టి, మరుసటి పంటలోగా డబ్బు ముట్టజెప్పాలి. అభయారణ్యం పక్క చేలల్లో మందు తగ్గించి కొర్రలో జొన్నలో వేయడానికి ఇష్టపడే రైతుకు ఆ నష్టం భర్తీ చేయాలి. చిరుధాన్యాలకు మళ్లీ గిరాకీ వచ్చిన ఈ రోజుల్లో అది మునుపటంత కష్టం కూడా కాదు. కుక్కల బెడద, తీగల బెడద పంచాయతీలతో, విద్యుత్ శాఖతో కూర్చుని తేల్చుకోవాలి. సలహా సంఘం ఏడాదికి రెండుసార్లైనా రోళ్లపాడులోనే, ఆ గడ్డి కనబడే చోట సమావేశం కావాలి.

వీటిలో ఒక్కటి కూడా పెద్ద ప్రాంతీయ కార్యాలయం కడితే జరిగేది కాదు.

ఇంత చేసినా బట్టమేక తిరిగి వస్తుందా అని అడిగేవారున్నారు. రాజస్థాన్‌లో గుడ్లు సేకరించి పొదిగించి పిల్లలను పెంచే కేంద్రాలు 2019 నుంచి పనిచేస్తున్నాయి. అక్కడ పుట్టిన పక్షులకు ఏదో ఒకనాడు విడిచిపెట్టే చోట్లు కావాలి. అప్పుడు వెతకబోయేది దట్టమైన అడవి కోసం కాదు. గడ్డి పాడుకాకుండా, తీగలు అడ్డం లేకుండా, చుట్టూ ఉన్న రైతులు విరోధం పెట్టుకోకుండా నిలిచిన బీళ్ల కోసం. దక్షిణాదిలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ లెక్కలో రోళ్లపాడు ఉండాలంటే పక్షి లేని ఈ ఏళ్లలో కూడా గడ్డిని కాపాడుతూ ఉండాలి. పక్షి లేదు కనుక ఇంక వేరే సిబ్బంది ఎందుకు, పక్క విభాగంలో కలిపేద్దామన్న మాట వచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే.

ఈ ప్రాంతంలో బట్టమేక కాన్పుల కాలం తొలకరితో మొదలవుతుంది. జూన్ వానలకు గడ్డి లేస్తుంది, అదే వానకు చుట్టూ విత్తనాలు పడతాయి, మొలకల కోసం జింకలు బయటికొస్తాయి, వాటి కోసం రైతులు రాత్రి కాపలా మొదలుపెడతారు. పరిహారం కాగితాలూ, కాపలాదారుల జీతాలూ, గడ్డిలోకి పశువులు దిగకుండా ఊళ్లతో చేసుకోవలసిన ఒప్పందాలూ మే నెలాఖరుకే పూర్తికావాలి.